హద్దురాళ్లు లేని అసెంబ్లీ ఫైలు

కస్టమర్ దగ్గర నుంచి వచ్చిన లాగ్‌లో, కెర్నెల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం, కూలిన చోటు పేరు 'ఎగైన్' అని ఉంది. మా డ్రైవర్‌లో ఆ పేరుతో ఫంక్షన్ ఏదీ లేదు. సీ ఫైళ్లన్నీ గాలించాను, హెడర్లు చూశాను, పాత వెర్షన్లు కూడా తిరగేశాను. ఎక్కడా లేదు. మన ఇంటి చిరునామాకు మనం ఎన్నడూ వినని మనిషి పేరు మీద ఉత్తరం వచ్చినట్టు ఉంది నా పరిస్థితి.

నేను హైదరాబాద్‌లో స్టోరేజీ డ్రైవర్ల పని చేస్తాను. మా మాడ్యూల్ లినక్స్ కెర్నెల్‌తో పాటు రాదు. విడిగా కట్టి కస్టమర్ సర్వర్లలో ఎక్కిస్తాం. ఎక్కువ మంది 5.15 కెర్నెల్ వాడతారు. ఒక కస్టమర్ మాత్రం ఫ్రేమ్ పాయింటర్లతో (వాటి సంగతి తర్వాత చెబుతాను) కట్టిన 4.9ని వదలడు. డేటా బ్లాకులకు చెక్‌సమ్ (డేటా చెడిందో లేదో పట్టిచ్చే అంకె) లెక్కించే పని వేగంగా జరగాలని ఎప్పుడో ఎవరో అసెంబ్లీలో, అంటే ప్రాసెసర్ ఆదేశాల భాషలో, చేతితో రాసిన ఫైలు ఒకటి మా దగ్గర ఉంది. పైన ఉన్న వ్యాఖ్యలో 2011 అని ఉంది. రాసిన వ్యక్తి కంపెనీ వదిలి చాలా కాలమైంది. పని చేస్తున్నదాన్ని ముట్టుకోకూడదనే సంప్రదాయం ప్రకారం దాన్ని ఎవరూ తెరవలేదు. నేనూ తెరవలేదు.

అందుకే మొదట లాగ్‌లోని కాల్ ట్రేస్ మీద, అంటే ఏ ఫంక్షన్‌ను ఏది పిలిచిందో చెప్పే జాబితా మీద పడ్డాను. ట్రేస్‌లో 'ఎగైన్' తర్వాత పదకొండు వరుసలున్నాయి, అన్నిటి ముందూ ప్రశ్నార్థకమే. పైనుంచి మూడో వరుసలో మా క్యూ ఖాళీ చేసే ఫంక్షన్ పేరు కనిపించింది. కిందటి నెలే దాన్ని మార్చాం కాబట్టి అనుమానం నేరుగా దాని మీదికి వెళ్ళింది. రెండు రోజులు ఆ ఫంక్షన్‌ను చిలికాను. తాళాలు సరిగా పడుతున్నాయా, జాబితా నుంచి తీసేసిన బఫర్‌ను మళ్లీ ఎవరైనా పట్టుకుంటున్నారా అని కాగితం మీద బొమ్మలు గీసుకున్నాను. ఏమీ దొరకలేదు.

మూడో రోజు మా సీనియర్ నా తెర వైపు చూసి, "ప్రశ్నార్థకం ఉన్న వరుసను పట్టుకుని ఎందుకు కూర్చున్నారండీ? అది సాక్షి కాదు, ఎప్పుడో ఆ దారిన వెళ్లిన మనిషి," అన్నారు.

ఆమె చెప్పింది అక్షరాలా నిజం. ఎక్స్86 ప్రాసెసర్ల మీద కెర్నెల్ కూలినప్పుడు, ఫంక్షన్ల తిరుగు చిరునామాలు దాచే స్టాక్ అనే మెమరీ భాగంలోని విలువలను ఒక్కొక్కటిగా చూస్తూ పోతుంది. కోడ్ చిరునామాలా కనిపించిన ప్రతిదాన్నీ అచ్చు వేస్తుంది. దాంతో పాటు అన్‌వైండర్ అనే మరో భాగం, ఎవరు ఎవరిని పిలిచారో లెక్క కట్టుకుంటూ వెనక్కి నడుస్తుంది. ఆ లెక్కకు సరిపోయిన చిరునామాకు ప్రశ్నార్థకం ఉండదు. సరిపోనిది అంతకుముందు ఎప్పుడో నడిచి పోయిన ఫంక్షన్ స్టాక్‌లో వదిలిన పాత జాడ కావచ్చు. నేను రెండు రోజులు తవ్వింది అలాంటి జాడనే. పదకొండు వరుసల్లో ఒక్కదానికి కూడా హామీ లేదంటే, అన్‌వైండర్ మొదటి అడుగులోనే ఆగిపోయిందన్నమాట. దారి తప్పింది నేను అనుకున్న చోట కాదు, అసెంబ్లీ ఫైలు గుమ్మంలోనే.

అప్పుడు ఆ ఫైలు తెరిచాను. 'ఎగైన్' అక్కడ ఉంది. ఫంక్షన్ కాదు, ఒక లూప్ మొదట్లో పెట్టిన లేబుల్, అంటే దూకి రావడానికి కోడ్‌లో ఒక చోటుకు పెట్టుకునే పేరు. పక్కనే 'టెయిల్', 'అవుట్' కూడా ఉన్నాయి.

మాడ్యూల్‌లోని సింబల్ పట్టికను (పేర్లు, వాటి చిరునామాల జాబితా) రీడ్‌ఎల్ఫ్ అనే సాధనంతో బయటికి తీస్తే అసలు సంగతి కళ్ల ముందే ఉంది. సీలో రాసిన ప్రతి ఫంక్షన్‌కూ రకం గడిలో 'ఫంక్' అని, పరిమాణం గడిలో ఏదో ఒక అంకె ఉన్నాయి. అసెంబ్లీలో రాసిన రెండు ఫంక్షన్లకు మాత్రం రకం 'నోటైప్', పరిమాణం సున్నా. 'ఎగైన్', 'టెయిల్', 'అవుట్' పరిస్థితీ అదే. పట్టికను చూసే ఏ సాధనానికైనా అసలు ఫంక్షన్‌కూ, దాని కడుపులోని లేబుల్‌కూ తేడా తెలియదు. కూలిన చిరునామాకు వెనక దగ్గరగా ఏ పేరుంటే ఆ పేరు చెబుతుంది. పొలం మధ్యలోని చింతచెట్టు పేరు చెప్పి, పొలం ఎవరిదో చెప్పలేని పరిస్థితి. హద్దురాళ్లే లేవు మరి.

సీలో రాసేటప్పుడు ఈ బాధ ఉండదు. ఫంక్షన్ ఎక్కడ మొదలైందో, ఎక్కడ ముగిసిందో, దాని రకమేమిటో కంపైలర్ రాసి పెడుతుంది. అసెంబ్లీలో అది మనిషి పని. గ్లోబల్ అని ప్రకటించి, పేరు పక్కన రెండు చుక్కలు పెట్టేస్తే ముక్కలన్నిటినీ కలిపే లింకర్ సంతోషిస్తుంది, ప్రోగ్రామ్ నడుస్తుంది. రకం రాయలేదని, పరిమాణం రాయలేదని ఎవరూ అడగరు.

నిజానికి అడిగేవాడు ఒకడున్నాడు. దాని పేరు ఆబ్జ్‌టూల్. 2016లో 4.6 కెర్నెల్‌తో వచ్చింది. కంపైల్ అయిన ప్రతి ఆబ్జెక్ట్ ఫైలునూ తెరిచి, ఒక్కో ఇన్‌స్ట్రక్షన్‌నూ చదివి, స్టాక్ ఎక్కడ ఎంత పెరిగిందో ఎంత తగ్గిందో లెక్క చూస్తుంది. మరి అది మా ఫైలును చూసి ఎందుకు ఊరుకుంది? బిల్డ్ ఎలా చేయాలో రాసి ఉండే మేక్‌ఫైల్ తెరిస్తే జవాబు దొరికింది. 'ఆబ్జెక్ట్ ఫైల్స్ నాన్ స్టాండర్డ్' అని ఒక వరుస, దానికెదురుగా 'వై'. ఈ ఫైలు మామూలు పద్ధతిలో లేదు, దీన్ని తనిఖీ చేయకు అని దాని అర్థం. ఆ వరుస చేర్చిన మార్పు కింద రాసిన వివరణ మూడే మాటలు: బిల్డ్ హెచ్చరికలు పోయాయి. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగడం అంటే ఇదే.

మాకు దాని వల్ల జరిగిన నష్టం చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

ఒకప్పుడు ఎక్స్86 కెర్నెల్ అసెంబ్లీలో ప్రతి పుష్ (స్టాక్ మీద విలువ పెట్టడం) తర్వాత, స్టాక్ ఎనిమిది బైట్లు జరిగిందని డ్వార్ఫ్ అనే డీబగ్ సమాచార పద్ధతిలో ఒక గుర్తు చేతితో రాసేవారు. ప్రతి పాప్ (పెట్టిన విలువను తీసుకోవడం) తర్వాత తగ్గిందని మరొకటి. ఒక్కటి మరిచిపోయినా పట్టిక అబద్ధమవుతుంది. అబద్ధమైందని చెప్పే సాధనం కూడా లేదు. కెర్నెల్ లోపలి డ్వార్ఫ్ అన్‌వైండర్ అంతకుముందే పోయింది. చివరికి 2015లో, కెర్నెల్ ఎక్స్86 భాగం నిర్వాహకుల్లో ఒకరైన ఇంగో మోల్నార్ ఆ గుర్తులన్నిటినీ ఊడబెరికి పారేశారు. ఎప్పుడూ విరిగే ఉంటాయి, ఎవరూ నిర్వహించలేరు అన్నది ఆయన చెప్పిన కారణం. మిగిలింది ఫ్రేమ్ పాయింటర్ పద్ధతి. ప్రతి ఫంక్షన్ మొదట్లో ఆర్‌బీపీ అనే రిజిస్టర్ (ప్రాసెసర్ లోపలి చిన్న గడి) విలువను దాచి, దానిలో స్టాక్ చిరునామా పెట్టుకోవడం. ఇది సులువే, కానీ ఖరీదు ఉంది. కెర్నెల్ పత్రాల ప్రకారమే కోడ్ సుమారు 3.2 శాతం పెరుగుతుంది, కొన్ని రకాల పనుల్లో 5 నుంచి 10 శాతం వేగం తగ్గినట్టు కెర్నెల్ డెవలపర్ మెల్ గోర్మన్ కొలిచారు.

2017 నవంబరులో వచ్చిన 4.14లో జోష్ పాయింబోఫ్ ఓఆర్‌సీ అన్‌వైండర్‌ను తెచ్చారు. పేరులో ఒక చమత్కారం ఉంది. ఎల్ఫ్ (ఆబ్జెక్ట్ ఫైళ్ల రూపం), డ్వార్ఫ్ అని పురాణ జీవుల పేర్లు ముందే ఉన్నాయి కదా. డ్వార్ఫులకు పుట్టుకతో శత్రువులైన ఓర్క్ రాక్షసుల పేరును దీనికి పెట్టి, తర్వాత 'ఊప్స్ రివైండ్ కేపబిలిటీ' అని విస్తరణ అతికించారు. పేరు సంగతి ఎలా ఉన్నా, తిప్పి ఆలోచించిన విధానం నాకు చాలా నచ్చింది. మనిషి ప్రతి పుష్‌కూ గుర్తు రాయనక్కర్లేదు. ఆబ్జ్‌టూల్ ఎలాగూ ఇన్‌స్ట్రక్షన్లన్నీ చదువుతోంది కాబట్టి, ఏ చిరునామా దగ్గర స్టాక్ ఎలా ఉంటుందో తానే లెక్క కట్టి పట్టిక రాస్తుంది. బదులుగా రెండు నుంచి నాలుగు మెగాబైట్ల మెమరీ పోతుంది, అంతే. మనిషి చెప్పవలసింది ఒక్కటే: ఇది ఫంక్షన్, ఇక్కడ మొదలు, ఇక్కడ చివర.

ఆ ఒక్కటీ మా ఫైలు చెప్పలేదు. చెప్పలేదని అడిగిన సాధనం నోరు కూడా మూయించారు. కాబట్టి మా ఫైలుకు ఓఆర్‌సీ పట్టికే పుట్టలేదు. అన్‌వైండర్ వచ్చి చూసి, ఇక్కడి స్టాక్ సంగతి నాకు తెలియదని ఆగిపోయింది. పదకొండు ప్రశ్నార్థకాలు అలా పుట్టాయి.

ముందు మేక్‌ఫైల్‌లో ఆ వరుస తీసేశాను. వెంటనే 'అన్‌రీచబుల్ ఇన్‌స్ట్రక్షన్' అని హెచ్చరిక వచ్చింది. చేరుకోలేని ఇన్‌స్ట్రక్షన్ అంటే ఎప్పటికీ నడవని కోడ్ అని మొదట అపార్థం చేసుకున్నాను. ఆబ్జ్‌టూల్ ఫంక్షన్లుగా గుర్తించిన వాటి నుంచి బయలుదేరి దారుల వెంట నడుస్తుంది. మా ఫైలులో ఫంక్షన్ అనేదే లేదు కాబట్టి ఏ దారీ మొదలు కాలేదు, ఏ ఇన్‌స్ట్రక్షన్‌కూ చేరలేదు. ఇలాంటి చోట హద్దు గుర్తులు పెట్టండని ఆబ్జ్‌టూల్ పత్రంలో సూటిగానే రాసి ఉంది.

ఆ గుర్తులకు కూడా ఒక చరిత్ర ఉంది. పాతవి ఎంట్రీ, ఎండ్, ఎండ్‌ప్రోక్ అనే మాక్రోలు (కొన్ని వరుసలకు బదులు రాసే పొట్టి పేర్లు). ఎంట్రీని ఫంక్షన్‌కూ వాడేవారు, డేటాకూ వాడేవారు. ఎండ్ ఎక్కడ, ఎండ్‌ప్రోక్ ఎక్కడ అనేది రాసేవారి చిత్తం. కెర్నెల్ డెవలపర్ జిరీ స్లాబీ పట్టుబట్టి దీనంతటినీ మార్చారు. 2020 జనవరిలో విడుదలైన 5.5 నుంచి మూడు కుటుంబాలు వచ్చాయి. సీ నుంచి పిలవదగిన మామూలు ఫంక్షన్‌కు 'సిమ్ ఫంక్ స్టార్ట్', 'సిమ్ ఫంక్ ఎండ్'. ఇంటరప్ట్ (ప్రాసెసర్ పనిని మధ్యలో ఆపే పిలుపు) గుమ్మాల వంటి, మామూలు పిలుపు నియమాలు పాటించని కోడ్‌కు 'సిమ్ కోడ్' జంట. డేటాకు 'సిమ్ డేటా'. ఇందులో నేను ఆలస్యంగా గమనించిన సంగతి, అసలు పని చేసేది ఎండ్ మాక్రో అని. రకం 'ఫంక్' అని రాసేదీ, మొదటి నుంచి ఇక్కడి దాకా ఎన్ని బైట్లో లెక్కవేసి పరిమాణం రాసేదీ అదే. స్టార్ట్ పేరును గ్లోబల్‌గా ప్రకటించి, చిరునామాను సర్దుబాటు చేస్తుంది. స్టార్ట్ పెట్టి ఎండ్ మరిచిపోతే ఏమీ చేయనట్టే.

రెండు ఫంక్షన్లకూ రెండు జంటలు పెట్టాను. అరగంట పని. చాయ్ తాగి వచ్చి బిల్డ్ చేస్తే, తీగ లాగితే డొంకంతా కదిలింది.

మొదటిది డేటా గొడవ. బైట్ల వరుస తారుమారు చేయడానికి వాడే 16 బైట్ల పట్టిక ఒకటి, ఫంక్షన్ చివర, పిలిచిన చోటికి తిరిగి పంపే రెట్ ఇన్‌స్ట్రక్షన్ కిందే కోడ్ సెక్షన్‌లో కూర్చుని ఉంది. ఆబ్జ్‌టూల్ దాన్ని కూడా ఇన్‌స్ట్రక్షన్లుగానే చదవబోయింది. బైట్లను ఇన్‌స్ట్రక్షన్లుగా చూపించే ఆబ్జ్‌డంప్‌లో చూస్తే ఆ 16 బైట్లు ఏవో పిచ్చి కూడికలుగా కనిపించాయి. దాన్ని చదవడానికి మాత్రమే వీలున్న డేటా సెక్షన్‌లోకి మార్చి, 'సిమ్ డేటా' గుర్తు పెట్టాను. అయిదు నిమిషాలు.

రెండోది అంత తేలిగ్గా లొంగలేదు. 'అన్‌సపోర్టెడ్ స్టాక్ పాయింటర్ రీఅలైన్‌మెంట్' అని, చెక్‌సమ్ ఫంక్షన్ నడుమ ఒక చిరునామా చూపించింది. అక్కడ ఉన్న ఇన్‌స్ట్రక్షన్ ఇది: స్టాక్ కొస ఎక్కడుందో చెప్పే ఆర్‌ఎస్‌పీ రిజిస్టర్‌ను మైనస్ 32తో యాండ్ చేయడం, అంటే 32 గుణిజానికి దించడం. ఏవీఎక్స్ అనే 32 బైట్ల పెద్ద రిజిస్టర్లను తాత్కాలికంగా స్టాక్ మీద దాచడానికి 32 బైట్ల సరిహద్దు కావాలి. ఎక్స్86-64 కెర్నెల్ ఎనిమిది బైట్ల సరిహద్దునే పాటిస్తుంది కాబట్టి, రాసినాయన స్టాక్‌ను తానే కిందికి నొక్కి సరిచేసుకున్నారు. నొక్కే ముందు పాత ఆర్‌ఎస్‌పీని ఆర్11 అనే మరో రిజిస్టర్‌లో దాచి, వెళ్లేటప్పుడు తిరిగి తెచ్చుకున్నారు. కోడ్‌గా తప్పేమీ లేదు. ఇన్నేళ్లు నడిచింది కూడా. కానీ బయటి నుంచి లెక్క కట్టేవారికి ఆ యాండ్ తర్వాత అంతా చీకటి. స్టాక్ ఎన్ని బైట్లు జారిందో నడిచే క్షణంలో తప్ప తెలియదు, ఎందుకంటే అది వచ్చిన చిరునామా మీద ఆధారపడుతుంది. ఆర్11 లాంటి రిజిస్టర్‌లో పాత విలువ ఉందని ఆబ్జ్‌టూల్ అనుకోదు. అది అంగీకరించే పద్ధతుల్లో సులువైనది, ఆర్‌బీపీని ముందు ఫ్రేమ్ పాయింటర్‌గా నిలబెట్టి, ఆ తర్వాత స్టాక్‌ను నొక్కడం.

అయితే ఆర్‌బీపీ ఖాళీగా లేదు. దాచకుండా వాడుకోదగిన తొమ్మిది రిజిస్టర్లూ పనిలో ఉండడంతో, ఇంకా ఎన్ని బ్లాకులు మిగిలాయన్న లెక్కను రాసినాయన ఆర్‌బీపీలో పెట్టారు. మొదట్లో పుష్, చివర్లో పాప్ చేసి పాత విలువను భద్రంగానే తిరిగి ఇచ్చారు. ఇది కూడా నియమం ప్రకారం తప్పు కాదు. కానీ మా 4.9 కస్టమర్ కెర్నెల్‌లో, ఈ లూప్ నడుస్తుండగా ఇంటరప్ట్ వచ్చినా, తప్పు చిరునామా తగిలినా, ఆర్‌బీపీలో స్టాక్ చిరునామా ఉంటుందని నమ్మి వచ్చిన అన్‌వైండర్‌కు బ్లాకుల సంఖ్య చేతికి వస్తుంది. సరిగ్గా ఇదే జబ్బు కెర్నెల్ సొంత క్రిప్టో అసెంబ్లీలో కూడా ఉండేది. 2017లో కెర్నెల్ డెవలపర్ ఎరిక్ బిగ్గర్స్ ఒక్కో ఫైలూ పట్టుకుని ఆర్‌బీపీని ఆ పని నుంచి తప్పించారు. ఆయన మార్పులు చదవడం నాకు పాఠంలా ఉపయోగపడింది. ఒక్కో చోట ఒక్కో ఎత్తు. ఒకదానిలో రిజిస్టర్లను మార్చుకోవడం, మరొకదానిలో విలువను స్టాక్ మీదికి తోయడం.

నాకు పూట పట్టింది గానీ, పరిష్కారం దొరికినప్పుడు నవ్వొచ్చింది. ఆర్‌బీపీ ఫ్రేమ్ పాయింటర్ అయితే పాత ఆర్‌ఎస్‌పీని దాచే పని అదే చేస్తుంది. అప్పుడు ఆర్11 ఖాళీ. బ్లాకుల లెక్కను ఆర్11లో పెట్టుకోవచ్చు. ఇద్దరూ కుర్చీలు మార్చుకుంటే చాలు. చివర్లో రెండు ఇన్‌స్ట్రక్షన్ల బదులు లీవ్ అనే ఒక్కటి సరిపోయింది. వేగం కొలిచి చూస్తే తేడా కొలత పొరపాటులో కలిసిపోయేంత. అటు 5.15లో హెచ్చరిక పోయింది, ఇటు 4.9లో అన్‌వైండర్‌కు నమ్మదగిన ఆర్‌బీపీ దొరికింది.

మూడో హెచ్చరిక రెండో ఫంక్షన్‌లో. 'స్టాక్ స్టేట్ మిస్‌మ్యాచ్'. 'అవుట్' అనే లేబుల్ దగ్గర, ఒక దారిన వస్తే స్టాక్ ఒకలా, మరో దారిన వస్తే ఇంకోలా ఉందట. అప్పటికి సాయంత్రం ఆరు దాటింది. నాలో ఒక రకమైన ధీమా కూడా వచ్చేసింది. ఇది కూడా రీఅలైన్‌మెంట్ లాంటిదే, కోడ్ సరైనదే గానీ సాధనానికి అర్థం కాలేదు అనుకున్నాను. అలాంటి చోట్ల కోసం 'అన్‌వైండ్ హింట్' అనే మాక్రోలున్నాయి. ఇక్కడ స్టాక్ ఇలా ఉంటుంది, నువ్వు లెక్క కట్టకు, నా మాట తీసుకో అని ఆబ్జ్‌టూల్‌కు చెప్పడం. 'అవుట్' దగ్గర, తిరుగు చిరునామా మీద ఒక పుష్ ఉన్నట్టు హింట్ రాశాను. హెచ్చరిక మాయమైంది. బిల్డ్ శుభ్రం. మార్పును సమీక్షకు పంపి ఇంటికి వెళ్ళిపోయాను.

పొద్దున వచ్చేసరికి మా సీనియర్ ఆ ఒక్క వరుస దగ్గరే ఆగి ఉన్నారు.

"ఈ హామీ ఎవరిచ్చారు?" అన్నారు.

"నేనేనండీ."

"అవుట్‌కు ఎన్ని దారులు వస్తున్నాయి?"

"రెండు. లూప్ అయిపోయాక ఒకటి, పొడవు సున్నా అయితే మొదట్లోనే దూకేది ఒకటి."

"ఆ దూకేది పుష్‌కు ముందా, తర్వాతా?"

ఫైలు చూశాను. ఫంక్షన్ మొదటి వరుసలో పొడవు సున్నానా అని పరీక్ష. రెండో వరుసలో సున్నా అయితే 'అవుట్'కు దూకడం. మూడో వరుసలో ఆర్‌బీఎక్స్‌ను పుష్ చేయడం. 'అవుట్' దగ్గర మొదటి పని ఆర్‌బీఎక్స్‌ను పాప్ చేయడం, తర్వాత రెట్. అంటే సున్నా పొడవుతో ఎవరైనా పిలిస్తే, ఎప్పుడూ పుష్ చేయని విలువను పాప్ చేస్తాం. తిరుగు చిరునామా ఆర్‌బీఎక్స్‌లోకి పోతుంది. రెట్ దాని కింద ఏముంటే అక్కడికి దూకుతుంది.

2011 నుంచి అది అక్కడే ఉంది. సీ వైపు నుంచి పిలిచే ప్రతి చోటా పొడవు సున్నా అయితే ముందే వెనుదిరుగుతున్నారు కాబట్టి ఎన్నడూ పేలలేదు. ఆబ్జ్‌టూల్ దాన్ని కోడ్ నడపకుండానే, చదివి పట్టుకుంది. దాని నోటి మీద నేను నా సంతకంతో కాగితం అతికించాను. హింట్ ఉన్న చోట రెండు దారుల లెక్క సరిపోల్చడం అది మానేస్తుంది. మేక్‌ఫైల్‌లో ఆ 'వై' పెట్టినవారిని నేను ముందు రోజే మనసులో తిట్టుకున్నాను. నేను చేసింది అదే పని, కాకపోతే వారికంటే చిన్న అక్షరాలతో.

హింట్ తీసేసి, పుష్‌ను పరీక్షకు ముందుకు జరిపాను. ఒక్క వరుస స్థానం మారింది, హెచ్చరిక తనంతట తానే పోయింది. సమీక్షలో ఆమె ఇంకేమీ రాయలేదు, 'సరే' అని తప్ప.

మిగిలిన పనులు చిల్లరవి. లేబుళ్ల ముందు చుక్క, ఎల్ చేర్చాను. అలా మొదలయ్యే పేర్లను అసెంబ్లర్ తన దగ్గరే ఉంచుకుంటుంది, సింబల్ పట్టికలోకి పంపదు. 'ఎగైన్' అనే అపరిచితుడు అలా శాశ్వతంగా సెలవు తీసుకున్నాడు. నడుమ లేబుల్ బయటికి కనిపించాల్సిన అవసరం ఉన్నవారికి 'సిమ్ ఇన్నర్ లేబుల్' ఉంది, మాకు అవసరపడలేదు. చిన్న అక్షరాల రెట్‌ను కెర్నెల్ వారి పెద్ద అక్షరాల రెట్ మాక్రోగా మార్చాను. 2022లో బయటపడిన రెట్‌బ్లీడ్ అనే ప్రాసెసర్ భద్రతా లోపం తర్వాత, కెర్నెల్ అమరికను బట్టి ఆ మాక్రో రక్షణ కోడ్‌లోకి మళ్లుతుంది. 4.9లో ఈ కొత్త మాక్రోలేవీ లేవు కాబట్టి, లేకపోతే పాత ఎంట్రీ, ఎండ్‌ప్రోక్‌లకు మళ్లించే పది వరుసల హెడర్ ఒకటి రాశాను. అది అందంగా లేదు. ఆ కస్టమర్ కదిలేదాకా అలాగే ఉంటుంది.

పరీక్ష ఎలా చేయాలన్నది కొంచెం ఆలోచించాను. హెచ్చరికలు లేకపోవడం మీద నాకు అప్పటికి నమ్మకం పోయింది. క్యూఎము అనే వర్చువల్ యంత్రంలో చెక్‌సమ్ లూప్‌ను ఆపకుండా తిప్పే చిన్న మాడ్యూల్ పెట్టి, సిస్‌ఆర్‌క్యూ అనే కెర్నెల్ అత్యవసర మీట ద్వారా అన్ని సీపీయూల ట్రేస్ అడుగుతూ పోయాను. ఒక్కోసారి ఒక్కో ఇన్‌స్ట్రక్షన్ దగ్గర పట్టుబడుతుంది. స్టాక్ నొక్కకముందు, నొక్కాక, లీవ్ తర్వాత రెట్‌కు ముందు. ఆ చివరిది పట్టుకోవడానికి చాలాసార్లు అడగాల్సి వచ్చింది. ప్రతి ట్రేస్‌లోనూ నా పరీక్ష మాడ్యూల్ పేరు, దాన్ని పిలిచిన కెర్నెల్ థ్రెడ్ పేరు ప్రశ్నార్థకం లేకుండా రావాలి. వచ్చాయి. తర్వాత కావాలని చెడ్డ చిరునామా ఇచ్చి కూలదోశాను. ఫంక్షన్ అసలు పేరు, ఎన్నో బైటు దగ్గర, మొత్తం ఎన్ని బైట్లలో అన్నీ సరిగ్గా చూపింది. సున్నా పొడవుతో కూడా ఒకసారి పిలిచాను. ఊపిరి బిగబట్టి. ఏమీ కాలేదు.

కొత్త మాడ్యూల్ కస్టమర్ దగ్గరికి వెళ్లిన తొమ్మిది రోజులకు మళ్లీ కూలింది. ఈసారి ట్రేస్‌లో, చెక్‌సమ్ ఫంక్షన్ కింద నమ్మదగిన మొదటి వరుస మళ్లీ ప్రయత్నించే దారిలోనిది. డిస్క్ తప్పు చెప్పినప్పుడు బఫర్‌ను ఒకచోట వదిలేసి, రెండోసారి అదే బఫర్‌కు చెక్‌సమ్ అడుగుతున్నాం. మధ్యాహ్నం భోజనానికి ముందే దొరికింది. నేను బొమ్మలు గీసిన క్యూ ఫంక్షన్ ఆ దారిలో ఎక్కడా లేదు.

ఫోల్డర్‌లో ఆర్మ్64 అనే మరో రకం ప్రాసెసర్ల కోసం రాసిన రెండో అసెంబ్లీ ఫైలు ఇంకా ఉంది. గ్లోబల్ అన్న ప్రకటన, పేరు, రెండు చుక్కలు, అంతే. మా 5.15లో ఆర్మ్64 వైపు ఆబ్జ్‌టూల్ లేదు, కాబట్టి గుర్తులు పెట్టినా, పెట్టకపోయినా, తప్పుగా పెట్టినా అడిగేవారు లేరు. ఎక్స్29, ఎక్స్30 రిజిస్టర్లను (అక్కడ ఫ్రేమ్ పాయింటర్, తిరుగు చిరునామా ఉండేవి) ఎక్కడ దాచారో, ఎక్కడ తిరిగి తెచ్చారో, ఏ దారి ఎక్కడికి దూకుతోందో నేనే చదవాలి. నిన్న ఆ ఫైలును అచ్చు తీయించాను. పదకొండు పేజీలు వచ్చాయి. ఎర్ర పెన్నుతో బాణాలు గీసుకుంటూ మూడో పేజీలో ఉన్నాను.